పితరుల తప్పులూ, వ్యాఖ్యాతల ధైర్యమూ

పురాణాల విషయంలో మన సాహిత్యంలో రెండు అలవాట్లు స్థిరపడ్డాయి. ఒకటి హారతి పట్టటం. రెండవది గొడ్డలి పట్టటం. హారతి పట్టేవాళ్ళకు పురాణపురుషుడు ఏం చేసినా ధర్మసూక్ష్మమే. గొడ్డలి పట్టినవాళ్ళకు ఆ చెట్టులో కొమ్మా రెమ్మా అన్న తేడా లేదు. రెండవ పని అవసరమైనదే. 1920లో త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబుకవధ' రాయకపోయినా, 1974లో రంగనాయకమ్మ 'రామాయణ విషవృక్షం' మొదలుపెట్టకపోయినా మన ఆలోచన ఇప్పుడున్న చోటికి వచ్చేది కాదు. అయితే ఈ రెండింటికీ చెందని మూడవ పద్ధతి ఒకటి వుంది. చెట్టు నీడలోనే కూర్చుని, ఆ చెట్టును నాటిన తాత చేసిన తప్పును పేరు పెట్టి చెప్పటం. యూదుల వ్యాఖ్యాన సంప్రదాయంలో, ముఖ్యంగా ఆదికాండంలోని పితరుల కుటుంబాల మీద వాళ్ళు శతాబ్దాలుగా రాసిన వ్యాఖ్యానాల్లో, ఆ పద్ధతి కనిపిస్తుంది. దాని బలమూ బలహీనతా తెలుగు రచయితలు తెలుసుకోవలసినవని నా అభిప్రాయం. ఇది మత ప్రచారం కోసం రాస్తున్నది కాదు. మతం పట్ల నాకున్న అభిప్రాయాలు ఈ పత్రిక పాఠకులకు కొత్త కావు.

మొదట ఒక సంగతి. ఈ కథలు మనకు పరాయివి కావు. కలకడలో నేను పాఠం చెప్పే తరగతుల హాజరుపట్టీలో యాకోబు ఒక వరసలో వుంటే యాకూబ్ ఇంకో వరసలో వుంటాడు. యోసేపు పక్కనే యూసుఫ్ కూర్చుంటాడు. బక్రీదు నాడు మా వూళ్ళో గుర్తుచేసుకునే ఇబ్రహీమే ఆదివారం చర్చిలో వినిపించే అబ్రాహాము. మాకు దగ్గరలోని మదనపల్లెలో వుండి 1908లో అక్కడే చనిపోయిన అర్కాటు మిషన్ వైద్యుడు జేకబ్ చేంబర్లిన్ తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షుడుగా పనిచేశాడు. కాబట్టి ఆదికాండం తెలుగు మా ప్రాంతంలో కూడా కొంత చిత్రిక పట్టబడింది. కాని క్రైస్తవ బోధకుడు ఈ కథల్ని రాబోయే క్రీస్తుకు ముందునీడలుగా చదువుతాడు. కొడుకును బలివ్వబోయిన తండ్రిలో శిలువను చూస్తాడు. ముస్లిం సంప్రదాయంలో ఇబ్రహీం ప్రవక్త, విధేయతకు ప్రమాణం. ఈ రెండు చోట్లా మనుషుల కంటే వాళ్ళ వెనక వున్న అర్థం పెద్దది. యూదు వ్యాఖ్యాతలకు మాత్రం వీళ్ళు ముందుగా తమ ఇంటివాళ్ళు: తాత, ముత్తాత, అవ్వ. ఇంటివాళ్ళ మీద వున్నంత గౌరవమూ, అంతే చనువూ వాళ్ళ రాతల్లో కనిపిస్తాయి.

ఆదికాండం చెప్పేది మౌలికంగా ఒక ఉమ్మడి కుటుంబం కథ. అబ్రాహాముకు భార్య శారా, ఆమె దాసి హాగరు. దాసికి ఇష్మాయేలు, భార్యకు ముసలితనంలో ఇస్సాకు. ఇస్సాకుకు రిబ్కా వల్ల కవలలు: ఏశావు పెద్దవాడు, యాకోబు చిన్నవాడు. గుడ్డితండ్రిని మోసం చేసి అన్నకు దక్కవలసిన ఆశీర్వాదాన్ని యాకోబు కొట్టేస్తాడు. తరువాత మేనమామ లాబాను చేతిలో తానే మోసపోతాడు. రాహేలును కోరితే ముసుగులో లేయా వస్తుంది. ఇద్దరు భార్యలు, ఇద్దరు దాసీలు, పన్నెండుగురు కొడుకులు, ఒక కూతురు. యోసేపు మీద తండ్రికి మమకారం ఎక్కువ. అన్నలు అతన్ని అమ్మేస్తారు. ఆస్తి, సంతానం, సవతిపోరు, జ్యేష్ఠత్వం చుట్టూ కథ తిరుగుతుంది. మా పల్లెల్లో భాగపంపకాల పంచాయితీకి ఒకసారి కూర్చున్నవాడికి ఇందులో అర్థం కానిది ఏమీ వుండదు.

అయితే చెప్పే తీరు వేరు. జర్మన్ యూదు విమర్శకుడు ఎరిక్ ఆవర్‌బాఖ్ హిట్లర్ పాలనలో వుద్యోగం పోగొట్టుకుని ఇస్తాంబుల్ చేరి, యుద్ధకాలంలో రాసి, 1946లో ప్రచురించిన 'మిమేసిస్' అనే గ్రంథంలో ఈ తీరును హోమర్‌తో పోల్చి వివరించాడు. హోమర్ అన్నిటినీ వెలుగులోకి తెచ్చి చెబుతాడు. హీబ్రూ కథకుడు కావలసినంత మాత్రమే చెప్పి తక్కినది చీకట్లో వుంచేస్తాడు. అబ్రాహాము కొడుకును తీసుకుని మూడు రోజులు నడుస్తాడు. ఆ మూడు రోజులూ తండ్రి మనసులో ఏముందో ఒక్క మాట వుండదు. తల్లికి చెప్పాడో లేదో వుండదు. ఆ ఖాళీల్లోనే వ్యాఖ్యానం పుట్టింది. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు మిద్రాష్. వెతకటం, విచారించటం అని ఆ మాటకు అర్థం. ఆదికాండం మీద ఇటువంటి విచారణల పెద్ద సంకలనం సుమారు 5వ శతాబ్దం నాటిది. ఆ తరువాత తాల్ముద్ వచ్చింది. 11వ శతాబ్దంలో ఫ్రాన్సులో రాషీ (1040–1105), 13వ శతాబ్దంలో స్పెయిన్‌లో నాఖ్మనిదీజ్ (1194–1270) వచ్చారు.

ఇక్కడ మన సంప్రదాయంతో ఒక తేడా గమనించాలి. మన కవులు ఖాళీ కనిపిస్తే మూలాన్నే పెంచారు, తగ్గించారు, మార్చారు. నన్నయ, తిక్కనల భారతాలు వ్యాసుడి భారతానికి నకళ్ళు కావు. అనువాదం పేరుతో వాళ్ళు చేసింది పునస్సృష్టి. యూదులకు ఆ స్వేచ్ఛ లేదు. మూలంలో ఒక్క అక్షరం కదలకూడదు. అందువల్ల మార్పంతా అంచుల్లోకి పోయింది. 1517లో వెనిస్‌లో అచ్చయిన వ్యాఖ్యాన సహిత బైబిలు మొదలుకుని ఈ పద్ధతిలో వేసిన పుటను చూస్తే నడుమ మూలం నాలుగు పంక్తులుంటుంది, చుట్టూ ఒకరితో ఒకరు తగాదా పడే వ్యాఖ్యాతలుంటారు. మనవాళ్ళు ఒప్పని తాతను కావ్యంలో తిరగరాశారు. వాళ్ళు తాతను అట్లాగే వుంచి పక్కన నిలబడి నిలదీశారు. తిరగరాసినప్పుడు తప్పు మాయమవుతుంది. నిలదీసినప్పుడు తప్పు కళ్ళముందే వుంటుంది, జవాబు కోసం ప్రతి తరమూ మళ్ళీ వెతుక్కోవాలి.

నిలదీసిన చోట్లు రెండు మూడు చూద్దాం.

అబ్రాహాము కరువుకు ఐగుప్తు పోయి, ప్రాణభయంతో భార్యను చెల్లెలని చెబుతాడు. రాజు ఆమెను అంతఃపురానికి తీసుకుపోతాడు. ఈ ఘట్టం మీద నాఖ్మనిదీజ్ మొగమాటం లేకుండా తీర్పు చెప్పాడు: తెలియక చేసినా అబ్రాహాము చేసింది మహాపాపం, తన ప్రాణం కోసం భార్యను ఆపదలోకి నెట్టాడు. ఆ తరువాత హాగరు సంగతి. గర్భవతి అయిన దాసిని శారా బాధపెడితే ఆమె ఎడారిలోకి పారిపోతుంది. అక్కడా ఆయన అదే నిక్కచ్చితనంతో మన తల్లి పాపం చేసింది, చెయ్యనిచ్చిన తండ్రీ పాపం చేశాడు అని రాశాడు. దాని ఫలితాన్ని వాళ్ళ సంతానం అనుభవించవలసి వచ్చిందనీ అన్నాడు. ఈ మాట రాసినవాడు నాస్తికుడు కాడు, సంస్కర్త కాడు. తన కాలపు యూదు సమాజంలో గొప్ప మతాచార్యుడు. తన జాతికి మూలపుటమ్మ గురించి, ఆమె చేతిలో దెబ్బలు తిన్న పరాయి దాసి పక్షాన ఆయన ఆ మాట రాశాడు.

రాషీ తనకు అందిన సంప్రదాయాన్ని అనుసరించి హాగరును ఐగుప్తు రాజు కూతురిగా చెప్పాడు. రాజకుమార్తె దాసి అయిందన్న మాట. ఈ సంగతి చదవగానే తెలుగు పాఠకుడికి శర్మిష్ఠ గుర్తుకు రావాలి. వృషపర్వుడి కూతురు శర్మిష్ఠ దేవయానికి దాసి అయింది, యయాతి వల్ల ముగ్గురు కొడుకుల్ని కన్నది. కాని ముగింపు చూడండి. దాసి కొడుకు ఇష్మాయేలును తండ్రి ఇంటినుంచి వెళ్ళగొట్టారు. దాసి కొడుకు పూరుడికి రాజ్యం దక్కింది. మన కథ ఎక్కువ న్యాయంగా వుందనిపిస్తుంది. కాని పూరుడు రాజ్యానికి చెల్లించిన వెల ఏమిటి? తన యౌవనాన్ని ముసలితండ్రి సుఖం కోసం ధారపోశాడు. ఈ కథను నేను తరగతిలో పితృభక్తికి నిదర్శనంగా చెప్పాలని పాఠ్యపుస్తకాల ఆశయం. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు లేచి, "కొడుకు వయసు తినేసినోడు మంచి నాయన ఎట్లయితాడు సార్?" అని అడిగాడు. ఆ ప్రశ్నను ఆధునికులు అడగలేదని కాదు. మరాఠీలో ఖాండేకర్ 'యయాతి' నవల (1959), కన్నడంలో గిరీశ్ కర్నాడ్ 'యయాతి' నాటకం (1961) అడిగాయి. కాని మన పాత వ్యాఖ్యాతలు ఆ ప్రశ్న అడిగి, దాన్ని మూలం పక్కనే అచ్చువేసి, బడిపిల్లలకు నేర్పి వుంటే ఆ పిల్లవాడు భయపడుతూ అడగవలసిన అవసరం వుండేది కాదు.

కొడుకును బలి ఇవ్వమన్న చోట తాల్ముద్ ఆచార్యులు ఒక సంభాషణ కల్పించారు, రాషీ దాన్ని తీసుకున్నాడు. దేవుడు కొడుకును తెమ్మంటే నాకిద్దరు కొడుకులున్నారంటాడు తండ్రి. ఒక్కగానొక్కడు అంటే, తల్లికొకడు చొప్పున ఇద్దరూ ఒక్కగానొక్కరేనంటాడు. ప్రేమించేవాణ్ణి అంటే, ఇద్దరినీ ప్రేమిస్తున్నానంటాడు. చివరికి పేరు చెప్పక తప్పదు. వెళ్ళగొట్టిన కొడుకు తండ్రి మనసులోనుంచి వెళ్ళిపోలేదని ఈ చిన్న కల్పన చెబుతుంది. మూలంలో శారా మరణం బలి ఘట్టం వెనువెంటనే వస్తుంది, కారణం వుండదు. వ్యాఖ్యాతలు ఆ రెండింటినీ కలిపారు: కొడుకును వధించబోయారన్న వార్త చెవిన పడి తల్లి ప్రాణం పోయింది. తండ్రి భక్తికి పరీక్ష జరిగితే తల్లి ప్రాణం పరీక్షాఫలితమైంది. ఇస్సాకు గుడ్డితనానికి చెప్పిన కారణాల్లో ఒకటి, బలిపీఠం మీద పడుకుని వున్నప్పుడు దేవదూతల కన్నీళ్ళు అతని కళ్ళలో పడ్డాయని. మానసిక గాయం తరువాతి తరంలో గుడ్డి పక్షపాతంగా మారటాన్ని ఇంతకంటే క్లుప్తంగా చెప్పటం కష్టం.

యాకోబు సంగతికి వస్తే వ్యాఖ్యాతల కన్ను ఇంకా పదునుగా వుంటుంది. పెళ్ళిరాత్రి గడిచి తెల్లవారాక యాకోబు లేయాను మోసగాడి కూతురా అని నిందిస్తాడట. శిష్యులు లేని గురువుంటాడా, మీ నాన్న ఏశావా అని పిలిస్తే నువ్వు పలకలేదా అని ఆమె ఎదురడుగుతుందట. మూలంలో లేయా ఆ వుదయం నోరు విప్పదు. వ్యాఖ్యాత ఆమెకు నోరిచ్చాడు. మేకపిల్లల చర్మంతో తండ్రిని మోసం చేసినవాడికి మేకరక్తంలో ముంచిన అంగీ చూపించి కొడుకులు మోసం చేశారు. ఆ కొడుకుల్లో యూదాను కోడలు తామారు మేకపిల్ల పేరు మీదే పట్టించింది. చేసుకున్నవాడికి చేసుకున్నంత అన్న మన సామెతను ఒక కుటుంబం మూడు తరాల మీద నడిపించిన శిల్పమిది. ఈ మేకల వరసను గమనించి చెప్పిన వ్యాఖ్యాతలను మొదటి తరం శిల్పవిమర్శకులనాలి.

రాహేలు పిల్లలు లేక ఏడిస్తే యాకోబు కోపంతో, నేనేమైనా దేవుణ్ణా అని కసురుతాడు. దుఃఖంలో వున్నవాళ్ళకు ఇట్లాగేనా జవాబు చెప్పేది అని మిద్రాష్ దేవుడి చేతనే అడిగించింది. నీ కొడుకులు ఆమె కొడుకు ముందు తలవంచి నిలబడే రోజు వస్తుందని హెచ్చరించింది. ఆ రోజు వచ్చినప్పుడు యోసేపు నోట ఆ మాటే వస్తుంది. కాని తండ్రి కసురుకోవటానికి వాడిన మాటను కొడుకు క్షమించటానికి వాడతాడు. తాల్ముద్ ఇంకో అడుగు ముందుకు వేసి, ఆ ఇంటి దుఃఖానికంతా కారణం రెండు సెలాల తూకం సన్న వున్ని అన్నది. మిగతావాళ్ళకు లేకుండా యోసేపుకొక్కడికి ఇచ్చిన ఆ కాస్త వస్త్రం అన్నల అసూయకు మూలమై, జాతి మొత్తం ఐగుప్తు దాస్యానికి దారి తీసిందట. పిల్లల మధ్య తేడా చూపవద్దని దాన్నుంచి తీసిన నీతి. ఒక జాతి దాస్యానికి దైవశాపాన్ని చెప్పక, తండ్రి పంపకంలోని పక్షపాతాన్ని చెప్పటంలో ఒక భౌతిక దృష్టి వుంది.

ఇంకొక విశేషం. ఇద్దరు భార్యలుండి ఒకతె మీద ప్రేమ, ఒకతె మీద అయిష్టం వున్నా, ఇష్టమైనదాని కొడుక్కు జ్యేష్ఠభాగం మార్చి ఇవ్వకూడదని ద్వితీయోపదేశకాండంలో చట్టముంది. ఇద్దరు అక్కచెల్లెళ్ళను ఒకేసారి పెళ్ళాడకూడదని లేవీయకాండంలో చట్టముంది. యాకోబు రెండూ చేశాడు. లేయా కొడుకు రూబేనును కాదని యోసేపుకు రెండు భాగాలిచ్చాడు. ఆ గ్రంథంలోనే ముందు కథ, వెనక ఆ కథను తప్పుపట్టే చట్టం! తాతలు చేశారు కాబట్టి మనమూ చెయ్యవచ్చునని అనే వీలు లేకుండా చేశారు. ఆచారానికి పూర్వుల నడవడే ప్రమాణమని వాదించే మన పండితులు ఈ సంగతి ఆలోచించాలి.

ఇంతవరకు చెప్పింది విని ఈ సంప్రదాయమంతా ఆత్మవిమర్శేనని ఎవరైనా అనుకుంటే పొరపాటు. వెల్ల వేసిన గోడలు అక్కడా చాలా వున్నాయి. తండ్రి ఎవరు నువ్వు అని అడిగినప్పుడు యాకోబు నేను ఏశావును, నీ జ్యేష్ఠుణ్ణి అని అబద్ధమాడతాడు. రాషీ ఆ వాక్యాన్ని రెండు ముక్కలు చేసి, తెచ్చింది నేను, నీ జ్యేష్ఠుడు ఏశావు అని అర్థం చెప్పి అబద్ధం మాయం చేశాడు. తండ్రి వుంపుడుకత్తెతో రూబేను శయనించాడని మూలం సూటిగా చెబుతూ వుంటే, రూబేను పాపం చేశాడనేవాడు పొరబడుతున్నాడని తాల్ముద్‌లో ఒక ఆచార్యుడు తేల్చాడు. ఏశావుకైతే మూలంలో లేని హత్యలూ వ్యభిచారాలూ అంటగట్టారు. మూలంలోని ఏశావు మొరటువాడు, ఆకలికి ఆగలేనివాడు. అయినా ఇరవయ్యేళ్ళ తరువాత తమ్ముణ్ణి చూసి పరుగెత్తుకొచ్చి మెడ కావలించుకుని ఏడ్చినవాడు. అంతటివాణ్ణి రాక్షసుణ్ణి చెయ్యటానికి కారణం సాహిత్యంలో దొరకదు, చరిత్రలో దొరుకుతుంది. ఏశావు సంతానం ఎదోము. యెరూషలేమును నేలమట్టం చేసిన రోముకు యూదులు పెట్టుకున్న మారుపేరు ఎదోము. పాలకుణ్ణి పేరు పెట్టి తిట్టలేని ప్రజలు పాత కథలో పెద్దన్నను తిట్టారు. పీడితుల కోపం అర్థం చేసుకోదగ్గదే. కాని ఆ కోపం ఒక పాత్రకు జరిగిన అన్యాయాన్ని కప్పివేస్తే, విమర్శకుడు దాన్ని విప్పి చూపాలి. ఆ పని కూడా వాళ్ళలోనే కొందరు చేశారు. ఆశీర్వాదం పోయిందని తెలిసినప్పుడు ఏశావు పెట్టిన ఒక్క ఆక్రందనకు వెల, తరాల తరువాత పారసీక రాజధాని షూషనులో యాకోబు సంతతివాడు పెట్టిన ఆక్రందనతో చెల్లిందని ఒక మిద్రాష్ లెక్క కట్టింది.

దీనా విషయంలో వ్యాఖ్యాతల పితృస్వామ్యం బయటపడింది. యాకోబు ఒక్కగానొక్క కూతురు వూరి ఆడపిల్లలను చూడటానికి బయటికి వెళ్ళి బలాత్కారానికి గురైంది. మూలంలో ఆమెకు ఒక్క మాట లేదు. లేయాకు నోరిచ్చిన వ్యాఖ్యాతలు దీనాకు ఇవ్వలేదు. పైగా బయటికి వెళ్ళటమే తప్పన్నారు, తల్లి బుద్ధే వచ్చిందన్నారు. మన వూళ్ళలో ఇట్లాంటిది జరిగినప్పుడు రచ్చబండ మీద వినిపించే మాటే ఇది. తండ్రి ఆమెను ఏశావు కంటపడకుండా పెట్టెలో దాచాడనీ, అన్నను బాగుచెయ్యగల పిల్లను దాచినందుకు శిక్షగా ఇది జరిగిందనీ ఇంకొక మిద్రాష్ చెప్పింది. తప్పు తండ్రిదని ఒప్పుకున్నందుకు సంతోషించాలో, తండ్రి తప్పుకు శిక్ష కూతురి ఒంటిమీద పడిందని మామూలుగా చెప్పినందుకు దుఃఖించాలో తెలియదు. ఆచార్యులందరూ మగవాళ్ళే అయిన విద్యాపీఠం ఎంతవరకు పోగలదో అంతవరకే పోయింది.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. ఈ పాత వ్యాఖ్యానాలతో తెలుగుదేశంలో ఎవరికి పని? గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెం అనే వూరుంది. అక్కడి కొన్ని మాదిగ కుటుంబాలు 1980 దశకం చివరినుంచి తాము యూదులమని చెప్పుకుంటున్నాయి. షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు దీనికి నాయకులు. తాము యోసేపు కొడుకు ఎఫ్రాయిము సంతతివాళ్ళమంటూ బెనె ఎఫ్రాయిము అని పేరు పెట్టుకున్నారు. ప్రార్థనామందిరం కట్టుకున్నారు, హీబ్రూ నేర్చుకున్నారు. గొడ్డుమాంసం తినటం, చనిపోయినవాళ్ళను పూడ్చటం వంటి మాదిగవాడ ఆచారాలను తమ పాత యూదు జీవితానికి ఆనవాళ్ళుగా చూపించారు. 2013లో యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వీళ్ళ మీద ఒక గ్రంథం ప్రచురించారు.

ఈ వంశావళికి చారిత్రకాధారం లేదు. ఆ మాట దాపరికం లేకుండా చెప్పాలి. కాని ఆధారం లేదని చెప్పి లేచిపోతే అది సాహిత్య విమర్శ కాదు. పన్నెండు గోత్రాల్లో వాళ్ళు ఎఫ్రాయిమునే ఎందుకు ఎంచుకున్నారన్నది అడగాలి. పది గోత్రాలు అసూరీయుల దండయాత్రలో చెదిరిపోయాయని చెబుతారు గాబట్టి తప్పిపోయినవాళ్ళలో చేరటం తేలికని జవాబు చెప్పవచ్చు. నాకు మాత్రం ఇంకో కారణం కూడా కనిపిస్తుంది. ఎఫ్రాయిము ఎవరు? యోసేపు ఐగుప్తులో పూజారి కూతురు ఆసెనతును పెళ్ళాడి కన్న రెండో కొడుకు. పరాయి తల్లి బిడ్డ. చావుకు సిద్ధంగా వున్న యాకోబు ఇద్దరు మనవళ్ళను కొడుకులుగా దత్తు చేసుకుంటాడు. పిల్లలను ముందుకు తెచ్చినప్పుడు, చూపు ఆనని ఆ ముసలివాడు వేసే ప్రశ్న వీళ్ళెవరు అని. రాషీ ఇక్కడ ఒక చమత్కారమైన సంగతి చేర్చాడు. యోసేపు అప్పుడు తన పెళ్ళి పత్రాలు తీసి తండ్రికి చూపించాడట. తాత ఆశీర్వాదానికి కూడా కాగితాలు చూపించవలసి వచ్చిందన్న మాట! మండలాఫీసులో కులధ్రువీకరణ పత్రం కోసం నిలబడినవాళ్ళకు ఈ వాక్యానికి వ్యాఖ్యానం అక్కరలేదు. ఆ తరువాత తాత చేతులు అడ్డంగా మార్చి కుడిచెయ్యి చిన్నవాడైన ఎఫ్రాయిము తలమీద పెడతాడు. యోసేపు అభ్యంతరం చెబుతాడు. ముసలివాడు తెలిసే చేశానంటాడు.

అంటే ఎఫ్రాయిము పేరులో మూడు సంగతులున్నాయి: పరాయితనం, దత్తత, వెనకవాణ్ణి ముందుకు తెచ్చిన చెయ్యి. తన వూళ్ళోనే పరాయివాడుగా బతికినవాడు ఆ పేరు దగ్గర ఆగటంలో వింత లేదు. వినుకొండలో మాదిగ తల్లికి పుట్టి తెలుగు కవిత్వానికి కొత్త గొంతునిచ్చిన జాషువ పేరు కూడా ఎఫ్రాయిము గోత్రానిదే. నూను కుమారుడైన యెహోషువ ఆ గోత్రంవాడని సంఖ్యాకాండం చెబుతుంది. 1878 జులై 3న ఒంగోలు ప్రాంతంలోని వెలుంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నప్పుడు వాళ్ళలో చాలామంది మాదిగలే. అప్పటినుంచి ఈ పేర్లు ఆ వాడల్లో ఇంటిపేర్లంత సహజమయ్యాయి. వాటిలోనుంచి ఒక కుటుంబం పేరును దాటి కథలోకే నడిచిపోయింది.

దీన్ని జాంబపురాణంతో పోల్చి చూడాలి. చిందు, డక్కలి కళాకారులు మాదిగల కోసం పాడే ఆ పురాణంలో ఆదిజాంబవుడు భూమికంటే ఆరు నెలల ముందు పుట్టినవాడు. అందరికంటే పెద్దవాడు, దేవతలకే తాత. పెద్దరికం పోగొట్టుకున్న కథ అది. ఎఫ్రాయిము కథలో చిన్నవాడికి పెద్దరికం దొరుకుతుంది. ఒకటి పోయిన హక్కును గుర్తుచేసుకుంటుంది, రెండవది రాని హక్కును అడుగుతుంది. రెండూ ఒకే నొప్పికి పుట్టిన రెండు కథాశిల్పాలు. రెండింటిలోనూ ఒక పరిమితి వుంది. గౌరవం పుట్టుకతోనే రావాలన్న కులవ్యవస్థ సూత్రాన్ని రెండూ లోపల ఒప్పుకుంటున్నాయి. మీరు పెట్టిన పుట్టుక తప్పు, మా పుట్టుక ఇది అంటున్నాయి గాని, పుట్టుకతో పనేమిటి అనటం లేదు. వంశవృక్షం వెతుక్కునే బదులు భూమి వెతుక్కోవాలని మన సంఘాల్లో ఒక వాదం వుంది. అది సరైనదే. కాని భూమి కోసం పోరాడేవాడికి కూడా తానెవరో చెప్పుకోవటానికి ఒక కథ కావాలి. ఆ కథను మనం ఇవ్వనప్పుడు వాళ్ళు దొరికినచోట తెచ్చుకుంటారు.

తెచ్చుకున్న ఇంట్లో వాళ్ళకు దొరికిందేమిటి? మణిపూర్, మిజోరంలలో మనష్షే సంతతి అని చెప్పుకునేవాళ్ళను 2005లో ఇజ్రాయెల్ ప్రధాన మతగురువుల్లో ఒకరు తప్పిపోయిన గోత్రంగా గుర్తించారు. ఎఫ్రాయిము వాళ్ళకు అప్పుడు ఆ గుర్తింపు దక్కలేదు. ఆదికాండంలో వెనక్కి పోయిన అన్నకు ముందు తలుపు తెరిచారు, ముందుకు వచ్చిన తమ్ముడు వాకిట్లో నిలబడ్డాడు. పాత ఆచార్యుల మాటలు కూడా అన్నీ తీయనివి కావు. సుగంధద్రవ్యాల వర్తకుడూ చర్మకారుడూ ఇద్దరూ లోకానికి కావాలి గాని, మొదటివాడు ధన్యుడనీ రెండవవాడి బతుకు అయ్యో అనీ తాల్ముద్ అన్నది. చెప్పులు కుట్టి బతికిన యోహానాను అనే ఆచార్యుణ్ణి గౌరవించిన గ్రంథాల పక్కనే ఈ మాట కూడా వుంది. తోలు వాసనకు ముక్కు మూసుకోవటం ఒక్క మనదేశపు జబ్బు కాదు.

కాని ఆ తాల్ముద్‌లోనే తిమ్నా గురించి నాలుగు మాటలున్నాయి. ఈ వ్యాసమంతా ఆ నాలుగు మాటల కోసం రాశానన్నా తప్పులేదు. ఆదికాండంలో తిమ్నా వట్టి పేరు. ఏశావు కొడుకు ఏలీఫజుకు వుంపుడుకత్తె, అమాలేకుకు తల్లి. అమాలేకు ఇశ్రాయేలీయులకు ఆగర్భశత్రువు. ఒక రాచబిడ్డ వుంపుడుకత్తెగా ఎందుకు పోయిందని ఆచార్యులు ప్రశ్న వేసుకున్నారు. ఆమె అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల దగ్గరికి వచ్చి తనను చేర్చుకోమని అడిగిందనీ, వాళ్ళు చేర్చుకోలేదనీ చెప్పారు. ఇంకో జాతిలో రాణిగా వుండేకంటే ఈ జాతిలో దాసిగా వుండటం మేలని ఆమె పోయి అక్కడ చేరింది. ఆమె కడుపున పుట్టినవాడు ఇశ్రాయేలును బాధపెట్టాడు. ఎందువల్ల? ఆమెను దూరంగా నెట్టి వుండకూడదు గనక.

పదే పదే మీద పడిన శత్రువు పుట్టుకకు కారణం వెతుకుతూ ఆ ఆచార్యులు శత్రువును చూపించలేదు, తమ ముగ్గురు మూలపురుషులను చూపించారు. ముగ్గురూ కలిసి ఒక స్త్రీకి తలుపు వేశారన్నారు. నేను చదివిన ఏ పురాణవ్యాఖ్యానంలోనూ ఇంతటి ధైర్యం చూడలేదు. వూరికి దూరంగా వాడలు కట్టించిన మన పూర్వుల గురించి మన పండితులెవరైనా ఇట్లాంటి వాక్యం ఒక్కటి రాసి, దాన్ని శాస్త్రగ్రంథంలో భాగంగా నిలిపి, తరతరాల విద్యార్థులచేత చదివించారా? కొత్తరెడ్డిపాలెం వాళ్ళకు తాము తెచ్చుకున్న సంప్రదాయంలో నిజమైన ఆస్తి ఎఫ్రాయిము వంశావళిలో లేదు. తిమ్నా మీద రాసిన ఈ నాలుగు మాటల్లో వుంది. మమ్మల్ని ఎందుకు దూరం పెడుతున్నారని యెరూషలేమునైనా, మన వూరునైనా అడగటానికి వాళ్ళకు అది చాలు.

మనకు పనికివచ్చేది కూడా అదే. యెరూషలేములో నెహామా లైబోవిట్జ్ (1905–1997) అనే ఉపాధ్యాయిని 1942నుంచి 1971దాకా వారం వారం ఈ గ్రంథాల మీద ప్రశ్నల పత్రాలు తయారుచేసి పంపింది. సైనికులూ కూలీలూ గృహిణులూ జవాబులు రాసి పంపితే ఎర్రసిరాతో దిద్ది తిరిగి పంపేది. ఆమె ముఖ్యంగా అడిగింది ఒక్కటే: ఇక్కడ వ్యాఖ్యాతను ఇబ్బంది పెట్టినదేమిటి? చనిపోయాక సమాధి మీద వుపాధ్యాయిని అన్న మాట తప్ప మరే బిరుదూ వద్దన్నది. మగ ఆచార్యుల విద్యాపీఠంలోకి ఒక ఆడమనిషి అట్లా బడిపంతులుగా నడిచి వచ్చింది. తెలుగు వుపాధ్యాయులం మనం తరగతిలో ప్రతిపదార్థం చెప్పి, తాత్పర్యం చెప్పి, గంట కొట్టగానే లేచిపోతున్నాం. యయాతి పాఠంలో, ఏకలవ్యుడి పాఠంలో, మనల్ని ఇబ్బంది పెట్టేది ఏమిటని ఒక్క ప్రశ్న ఎక్కువ వెయ్యటానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కరలేదు.

రచయితలకు ఒక మాట. జాంబపురాణం పాడేవాళ్ళు తగ్గిపోతున్నారు. ఆ పురాణానికి పుట చుట్టూ వ్యాఖ్యానం రాసేవాళ్ళు ఇంకా పుట్టవలసి వుంది. పాడినవాళ్ళ బిడ్డలే ఆ పని చేస్తే మంచిది. వాళ్ళు తమ తాతను కూడా నిలదీయాలి. జాంబవుడి ఇంట్లో ఆడవాళ్ళ మాటేమిటని, తమకంటే కింద ఎవరినైనా నిలబెట్టారా అని అడగాలి. శర్మిష్ఠ అంతఃపురంలో దాసిగా గడిపిన రోజుల్ని, దీనా మాట్లాడని మాటల్ని, తిమ్నా మూడు గుమ్మాలు ఎక్కి దిగిన కథను ఎవరైనా తెలుగులో రాయాలి. పూర్వులను పూజించటం తేలిక, తిట్టటం దానికంటే తేలిక. ఇంటివాళ్ళుగా ఒప్పుకుని, వాళ్ళు వేసిన తలుపు దగ్గరికి పోయి, గడియ ఎవరు పెట్టారో పేరు పెట్టి చెప్పటం కష్టం. అభ్యుదయ సాహిత్యం చెయ్యవలసింది ఆ కష్టమైన పనే.